సెకండ్ హ్యాండ్ 315 బోర్ రైఫిల్: ఏ ముక్క లేకపోతే సర్దుకోవచ్చు, ఏది లేకపోతే వదిలేయాలి

రేటింగ్ వేయాలంటే తుపాకీకి ఐదుకు నాలుగు. విడిభాగాల దొరుకుబాటుకు రెండు. హైదరాబాద్‌లో రిపేరు సేవకు ఒక్క అంకె వేయలేం. మిస్త్రీ చెయ్యిని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా ఉంటుంది.

ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వారి ఈ బోల్ట్ యాక్షన్ తుపాకీ (బోల్ట్ అనే కడ్డీని చేత్తో వెనక్కి లాగి, ముందుకి తోసి తూటా ఎక్కించేది), పాత లీ-ఎన్‌ఫీల్డ్ 303కి తమ్ముడి లాంటిది. 303 ప్రొహిబిటెడ్ బోర్, అంటే సామాన్యులకి నిషేధం కనుక అదే యాక్షన్‌కి (తూటా ఎక్కించి పేల్చే యంత్రాంగానికి) 8 మిల్లీమీటర్ల తూటా పెట్టి, ఐదు తూటాల మ్యాగజైన్‌తో (తూటాలు నింపే పెట్టెతో) మామూలు లైసెన్సుదారుల కోసం తయారు చేశారు. పేరుకి వేట రైఫిలే గానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అనుమతి లేకుండా వేట నేరం. అందుకే ఇక్కడ చేతులు మారే వాటిలో చాలా తుపాకులు పెద్దగా పేల్చనివే. బ్యారెల్ బాగుంటుంది, చిన్న ముక్కలు మాత్రం మాయమై ఉంటాయి.

ఎక్కువగా పోయేది మ్యాగజైన్. కారణం అరుగుదల కాదు, డిపాజిట్. ఎన్నికల కోడ్ వచ్చిన ప్రతిసారీ తుపాకీ స్టేషన్‌కో డీలర్ దగ్గరికో వెళ్తుంది. రసీదులో తుపాకీ నంబరు రాస్తారు, మ్యాగజైన్ సంగతి ఎవరూ రాయరు. తిరిగొచ్చేటప్పుడు అది ఏ బీరువాలోనో ఉండిపోతుంది. ‘ఒక మ్యాగజైన్‌తో సహా’ అని రసీదులో రాయించుకోవడం కొనేవాళ్లకే కాదు, అమ్మేవాళ్లకీ అవసరం.

కొత్త మ్యాగజైన్‌ని గూటిలో పెట్టగానే ‘టక్’మంది కదా అని సంతోషించకండి. డీలర్ దగ్గర ఐదు డమ్మీ తూటాలతో పరీక్షించమనాలి. ఈ తూటాకి అడుగున అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందువైపు ఉండాలి. వెనక పడితే బోల్ట్ తోసినప్పుడు రెండూ కొక్కెం పడి ఆగిపోతాయి. ఇది మ్యాగజైన్ తప్పు కాదు, నింపినవాళ్ల తప్పు. కానీ సరిగ్గా నింపినా తూటా ముక్కు కిందికి దిగి ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) అంచుకి గుద్దుకుంటుంటే, లోపలి పలక స్ప్రింగ్ చచ్చిపోయినట్టు, లేదా పై పెదవులు వంగినట్టు. స్ప్రింగైతే మార్చొచ్చు. పెదవుల్ని ప్లయర్‌తో సరిచేస్తానన్న దుకాణం నుంచి లేచి వచ్చేయడమే మేలు. ఒక పక్క పావు మిల్లీమీటర్ ఎక్కువ నొక్కితే రెండో పక్క తూటా ఎగిరి బయటపడుతుంది. కొందరు 303 మ్యాగజైన్ అంటగట్టాలని చూస్తారు. 303 కేసు (తూటా ఇత్తడి గొట్టం) పొడవు 56 మిల్లీమీటర్లు, దీనిది 50. భుజం, అంచు కొలతలూ వేరే. గూటిలో కూర్చున్నంత మాత్రాన తూటాని సరిగ్గా అందిస్తుందని కాదు.

తర్వాత ఎజెక్టర్ స్క్రూ, అంటే పేలిన ఖాళీ కేసుని బయటికి తోసేది. రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప గూడు) ఎడమ గోడలో గింజంత స్క్రూ. అది లేదని తెలియగానే కొనేవాళ్లు బెదిరిపోతారు, నిజానికి బేరమాడటానికి ఇంతకన్నా మంచి సాకు లేదు. ఈ యాక్షన్‌లో ఖాళీ కేసుని బయటికి తిప్పే పనిలో ఎక్కువ భాగం ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని పట్టి లాగే కొక్కెం) స్ప్రింగ్‌దే. కుడివైపు కొక్కెం కేసుని ఎడమ గోడకి ఒత్తుతూ వెనక్కి లాగుతుంది, కేసు నోరు రిసీవర్ రింగ్ దాటగానే అది కుడివైపుకి పల్టీ కొడుతుంది. స్క్రూ చివరి తోపు మాత్రమే ఇస్తుంది. బోల్ట్‌ని జోరుగా లాగినా కేసు మ్యాగజైన్ మీదే పడి ఉంటే, స్క్రూతో పాటు ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగ్‌నీ అనుమానించాలి. దానికో తేలిక పరీక్ష ఉంది: బోల్ట్ బయటికి తీసి, డమ్మీ తూటా అంచుని కొక్కెం కిందికి జార్చి, బోల్ట్‌ని కొంచెం ఊపాలి. తూటా వేలాడుతూ నిలబడాలి. జారి పడితే స్ప్రింగ్ మార్చాల్సిందే.

స్క్రూనే కదా, సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారులో దొరకదా అంటే, దొరకదు. పాత ఎన్‌ఫీల్డ్ మరలు మెట్రిక్ కావు, బజారులో అమ్మే ఇంచి మరలూ కావు. దగ్గరగా ఉన్న స్క్రూని బలవంతంగా తిప్పితే రిసీవర్‌లో ఉన్న మర కూడా పోతుంది. అసలు స్క్రూ తెప్పించాలి, లేదా లేత్ మీద అదే మరతో కోయించాలి. ఆ కోసే పని కూడా లైసెన్సున్న మిస్త్రీ ద్వారానే. 1959 ఆయుధాల చట్టం లెక్కలో విడిభాగాలూ ఆయుధాలే, రిపేరు వ్యాపారానికీ లైసెన్సు కావాలి. లేత్ ఉన్న ప్రతి వర్క్‌షాపూ తుపాకీ వర్క్‌షాపు కాదు.

ఇక తుపాకీనే వదిలేయాల్సిన సందర్భం. బోల్ట్ హెడ్ లేకపోయినా, ఇంకో తుపాకీది తెచ్చి బిగించి ఉన్నా ఆగిపోండి. ఇది బోల్ట్ ముందు భాగానికి మరతో బిగిసే విడి ముక్క. దీని పొడవే హెడ్‌స్పేస్‌ని, అంటే కేసు అంచు ఆనే ఛాంబర్ అంచుకీ బోల్ట్ ముఖానికీ మధ్య దూరాన్ని నిర్ణయిస్తుంది. 303 నంబర్ 4 రైఫిల్‌లో బోల్ట్ హెడ్‌లకి సున్నా నుంచి 3 దాకా అంకెలు వేసేవారు. 315కి మూలమైన పాత నంబర్ 1 (ఎస్ఎంఎల్‌ఇ) మోడల్‌లో అంకెలు లేవు, ఒక్కోటీ పెట్టి చూసి ఎంచుకోవాలి. ఆ దూరం ఎక్కువైతే పేలినప్పుడు కేసు అడుగు దగ్గర సాగుతుంది. మొదట మెరిసే ఉంగరంలా గీత కనపడుతుంది, ఆ తర్వాత కేసు రెండు ముక్కలవుతుంది, వేడి గ్యాస్ వెనక్కి తంతుంది. 315కి సరిపడే గో, నో-గో గేజ్‌లు (ఈ దూరాన్ని పరీక్షించే కొలత ముక్కలు) ఉన్నాయా అని మిస్త్రీని అడగండి. గో మీద బోల్ట్ మూయాలి, నో-గో మీద మూయకూడదు. ‘చేత్తో తెలిసిపోతుంది సార్’ అంటే ఆ సేవకి ఒకటి రేటింగే. బోల్ట్ హ్యాండిల్ మీద నంబరు, రిసీవర్ మీద నంబరు కలవకపోతే గేజ్ పెట్టకుండా డబ్బు ఇవ్వొద్దు.

నగరంలో రిపేరుకి ఇచ్చి వెనక్కి తెచ్చుకున్న తుపాకుల్లో తరచూ కనపడే లోపం ఇంకొకటి: ట్రిగ్గర్ గార్డ్ ముందు స్క్రూ చుట్టూ ఉండాల్సిన చిన్న కాలర్ లేకపోవడం. కొయ్య విప్పినప్పుడు అది జారి బల్ల కిందికి పోతుంది. మిస్త్రీ గమనించకుండా స్క్రూ బిగిస్తాడు. కాలర్ లేకపోతే బిగింపు బరువంతా కొయ్య మీద పడి, బిగించిన కొద్దీ కొయ్య నలుగుతుంది, గురి రోజుకో చోటికి పోతుంది. గురి తప్పిందని సైట్ మార్చుకుంటూ కూర్చుంటారు, అసలు లోపం పల్లీగింజంత ఇనుప గొట్టంలో ఉంటుంది.

బట్ (భుజానికి ఆన్చే వెనక కొయ్య) వదులైందని వెనక నుంచి పొడవాటి స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పే దుకాణాన్ని అక్కడే ఆపండి. ఎస్ఎంఎల్‌ఇ మోడల్‌లో బట్‌ని బిగించే పొడవాటి బోల్ట్ ముందు కొన చతురస్రంగా ఉండి ముందు కొయ్యలో ఇరుక్కుని ఉంటుంది. ముందు కొయ్య తీయకుండా దాన్ని తిప్పితే ఆ కొయ్య వెనక అంచు చీలుతుంది. చీలిన కొయ్యకి జిగురు పెట్టి, వార్నిష్ కొట్టి ఇచ్చేస్తారు. కొనేటప్పుడు ట్రిగ్గర్ పైభాగంలో, కొయ్య రిసీవర్‌కి ఆనే చోట, టార్చ్ వేసి చూస్తే వెంట్రుకలాంటి గీత దొరుకుతుంది.

విడిభాగం ఫ్యాక్టరీ నుంచే తెప్పించాలంటే పాత ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు పేరుతో ఉత్తరం రాయొద్దు. 2021 అక్టోబర్ 1న బోర్డు ఏడు కంపెనీలైంది, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా కిందికి వచ్చింది. డీలర్ ద్వారా, మోడల్, తుపాకీ నంబరు రాసి అడిగితేనే పని ముందుకి జరుగుతుంది.

ఇంకో లైసెన్సుదారు నుంచి నేరుగా కొంటుంటే, అమ్మేవారు ముందుగా అధికారులకి రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఆ 45 రోజులూ వృథా కాదు. మ్యాగజైన్ వెతికించడానికీ, గేజ్ పెట్టించడానికీ సరిగ్గా సరిపోతాయి.