కొత్త సైటు గూగుల్‌లోకి రావాలంటే సైట్‌మ్యాపా, రిక్వెస్ట్ బటనా, లింకులా: ఏది మేలు?

మంగళగిరి చీరలు అమ్మేవాళ్లు, బ్రాడీపేటలో పచ్చళ్లు పెట్టి ఆర్డర్ల మీద పంపేవాళ్లు, మిర్చి సాగు మీద వ్యాసాలు రాసుకునేవాళ్లు... విజయవాడ, గుంటూరు వైపు నుంచి అడిగేవాళ్లు వేరైనా అడిగేది ఒకటే. “సైటు పెట్టి నెల కావస్తోంది, గూగుల్‌లో ఎక్కడా లేదు. సైట్‌మ్యాప్ ఇస్తే సరిపోతుందా? ఒక్కో పేజీకీ రిక్వెస్ట్ పెట్టుకోవాలా? లింకులు తెచ్చుకోమంటున్నారు, అవి నిజంగా అవసరమా?” సైట్‌మ్యాప్ అంటే మీ సైటు పేజీల చిరునామాలున్న జాబితా ఫైలు. రిక్వెస్ట్ అంటే సెర్చ్ కన్సోల్ అని సైటు యజమానులకి గూగుల్ ఇచ్చే సాధనంలో, ఈ పేజీని ఇండెక్స్ చేయమని (మీ జాబితాలో చేర్చుకోమని) అడిగే బటన్. లింకు అంటే వేరే పేజీ నుంచి మీ పేజీకి ఉండే దారి. మూడూ చేయాల్సినవే. అయితే మూడింటికీ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. సైట్‌మ్యాప్‌కి పది నిమిషాలు, బటన్‌కి ఐదు నిమిషాలు, మిగిలిన ఓపికంతా లింకులకి ఇవ్వండి.

వీటన్నిటికంటే ముందు, మీ సైటే గూగుల్‌ని రావద్దంటోందేమో చూసుకోండి. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, అందులో రీడింగ్ తెరిస్తే అడుగున “డిస్కరేజ్ సెర్చ్ ఇంజిన్స్” అని ఒక టిక్కు ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు డిజైనర్ ఆ టిక్కు పెట్టి, అప్పగించేటప్పుడు తీయడం మర్చిపోవడం చాలా మామూలు. అది ఉన్నంతకాలం ప్రతి పేజీ మీదా నోఇండెక్స్ ముద్ర పడుతుంది, ఇక ఏ సైట్‌మ్యాపూ పనిచేయదు. బ్లాగర్‌లో అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద “విజిబుల్ టు సెర్చ్ ఇంజిన్స్” ఆన్‌లో ఉండాలి. సైటులో ఉండే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైలుని నోఇండెక్స్‌తో కలిపి చూడకండి. రోబోట్స్ ఫైలు పేజీని చదవద్దంటుంది, నోఇండెక్స్ చదివినా ఫలితాల్లో చూపించొద్దంటుంది. రోబోట్స్‌లో ఆపేసిన పేజీ మీద నోఇండెక్స్ ఉన్నా, తీసేసినా గూగుల్‌కి తెలిసే దారే లేదు.

సైట్‌మ్యాప్

వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, సైట్‌మ్యాప్ తనంతట తానే తయారవుతుంది. దాని పేరు డబ్ల్యూపీ హైఫన్ సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్. ఎస్‌ఈఓ ప్లగిన్ (సెర్చ్‌లో బాగా కనిపించడానికి వేసుకునే అదనపు ప్రోగ్రామ్) వేసుంటే ఆ ప్లగిన్ ఇచ్చే చిరునామా వాడండి, రెండూ ఇవ్వకండి. బ్లాగర్‌లో సైట్‌మ్యాప్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పోస్టులు మాత్రమే ఉంటాయి. ‘మా గురించి’ లాంటి స్థిర పేజీలు సైట్‌మ్యాప్ హైఫన్ పేజెస్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉంటాయి కాబట్టి అక్కడ రెండూ ఇవ్వాలి. సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్స్ తెరిచి, పేరు టైపు చేసి, సబ్మిట్ నొక్కితే అయిపోయింది.

“సక్సెస్” అని పచ్చగా రాగానే చాలామంది పేజీలన్నీ గూగుల్‌లోకి ఎక్కేశాయనుకుంటారు. జాబితా ఫైలు చదవగలిగాం అన్నంతవరకే ఆ మాటకి అర్థం. ఒక్క ఫైలులో 50,000 చిరునామాలు పెట్టుకోవచ్చు, వాటిలో ఎన్నిటిని చదవాలో, ఎన్నిటిని ఉంచుకోవాలో గూగుల్ ఇష్టం. కొందరు కూర్చుని నింపే ప్రయారిటీ (పేజీ ఎంత ముఖ్యమో), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచూ మారుతుందో) విలువల్ని గూగుల్ అసలు పట్టించుకోదు. చివరిగా మార్చిన తేదీని మాత్రం చూస్తుంది, అదీ ఆ తేదీలు నిజమని నమ్మకం కుదిరితేనే. అక్షరం మార్చకుండా రోజూ తేదీ మార్చే ప్లగిన్లు ఉంటే తీసేయండి. “సైట్‌మ్యాప్ పింగ్ చేయండి”, అంటే ఫైలు మారిందని గూగుల్‌కి కబురు పెట్టండి, అని చెప్పే పాత వీడియోలు వదిలేయండి, ఆ పద్ధతిని ఆపేస్తున్నట్టు గూగుల్ 2023లోనే ప్రకటించింది.

రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్

సెర్చ్ కన్సోల్‌లో పైనున్న పెట్టెలో పేజీ చిరునామా పేస్టు చేసి ఎంటర్ కొట్టండి. ముందు “టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్” నొక్కి, పేజీ సరిగా తెరుచుకుంటోందో, నోఇండెక్స్ ఏదైనా తగిలిందో చూసి, ఆ తర్వాతే “రిక్వెస్ట్ ఇండెక్సింగ్” నొక్కండి. రోజుకింత అని పరిమితి ఉంది, కొన్ని పేజీలు పెట్టేసరికే అది అయిపోతుంది. ఒకే పేజీని పదిసార్లు నొక్కినా వరుసలో ముందుకి జరగదు. రోజుల నుంచి వారాల దాకా పట్టొచ్చని గూగులే చెబుతోంది.

ఈ బటన్ పనికొచ్చే సందర్భాలు కొన్నే. కొత్త సైటు హోమ్ పేజీకి ఒకసారి, తప్పుగా పడ్డ నోఇండెక్స్ తీసేశాక ఆ పేజీకి ఒకసారి, ధరో ఫోన్ నంబరో తప్పుపడి దిద్దినప్పుడు ఒకసారి. నలభై పేజీలకి రోజూ వరసపెట్టి నొక్కడం వృథా శ్రమ.

లింకులు: అసలు తేడా వచ్చేది ఇక్కడే

అదే పెట్టెలో చిరునామా పెట్టినప్పుడు కింద “డిస్కవరీ” అని చిన్న భాగం కనిపిస్తుంది. అందులో రెండు వరుసలు ముఖ్యం. ఒకటి సైట్‌మ్యాప్స్, రెండోది రిఫరింగ్ పేజ్. ఇండెక్స్ కాని పేజీల్ని అక్కడ చూస్తే తరచూ సైట్‌మ్యాప్ పేరు ఉంటుంది గానీ, రిఫరింగ్ పేజ్ దగ్గర “నన్ డిటెక్టెడ్” అని ఉంటుంది. అంటే ఈ పేజీ ఉందని మీరు చెప్పారు తప్ప, మీ సైటులోగానీ బయటగానీ ఏ పేజీ నుంచీ దీనికి దారి గూగుల్‌కి దొరకలేదేమో అని అనుమానించాలి. స్టేటస్ “డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్” అని ఉంటే గూగుల్‌కి చిరునామా తెలుసు, ఇంకా వచ్చి చదవలేదని అర్థం. రావాల్సిన తొందర దానికి కనిపించలేదు. ఆ తొందర కల్పించేది లింకే.

బయటి లింకుల కోసం పరిగెత్తే ముందు సొంత ఇల్లు చూసుకోండి. బ్లాగర్ వాడేవాళ్లలో చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. బ్లాగర్ మామూలుగా ఇచ్చే రోబోట్స్ ఫైలులో “డిసాలో: స్లాష్ సెర్చ్”, అంటే స్లాష్ సెర్చ్ కింద ఉన్నవి చదవొద్దు, అన్న వరుస ఉంటుంది. లేబుల్ పేజీలన్నీ (ఒక విషయం పోస్టులన్నీ చూపేవి) స్లాష్ సెర్చ్ కిందే ఉంటాయి. హోమ్ పేజీ అడుగున కనిపించే “ఓల్డర్ పోస్ట్స్” లింకు కూడా అక్కడికే వెళ్తుంది. అంటే హోమ్ పేజీ నుంచి కిందికి జారిపోయిన పోస్టులకి ఆ దారిన గూగుల్‌బాట్ (పేజీలు చదివే గూగుల్ ప్రోగ్రామ్) వెళ్లలేదు. పక్కన ఆర్కైవ్ గాడ్జెట్ గానీ, పోస్టు నుంచి పోస్టుకి లింకులు గానీ లేని థీమ్ అయితే సైట్‌మ్యాప్ ఒక్కటే గతి. సెర్చ్ కన్సోల్‌లో “బ్లాక్డ్ బై రోబోట్స్” అని లేబుల్ పేజీలు కనిపిస్తే కంగారుపడి ఆ వరుస తీసేయకండి, అవి ఫలితాల్లో కనిపించాల్సిన పేజీలు కావు. దాని బదులు ‘అన్ని వ్యాసాలు’ అని ఒక స్థిర పేజీ పెట్టి, విషయాలవారీగా ప్రతి పోస్టుకీ లింకిచ్చి, ఆ పేజీని పై మెనూలో కలపండి. గంటలో అయ్యే పని. ఎం ఈక్వల్స్ 1 తోక ఉన్న మొబైల్ చిరునామాలు ఆ నివేదికలో కనిపించినా పట్టించుకోకండి, అసలు పేజీ ఎక్కితే చాలు.

ఆపైన ప్రతి కొత్త వ్యాసంలో రెండు మూడు పాత వ్యాసాలకి, పాత వ్యాసాల్లోంచి కొత్తదానికి లింకులు వేయండి. “ఇక్కడ నొక్కండి” అన్న మాట మీద కాదు, “తేజ మిర్చిలో తాలు కాయ ఏరడం” లాంటి మాటల మీద వేయండి. అవతలి పేజీ దేని గురించో గూగుల్‌కి తెలియడానికి ఆ మాటలు సాయపడతాయి. బటన్ నొక్కితే జావాస్క్రిప్టుతో తెరుచుకునే మెనూలు కాకుండా, మామూలు హెచ్‌రెఫ్ లింకులే (చిరునామా నేరుగా రాసి ఉండేవి) ఉండేలా చూసుకోండి.

బయటి లింకు విషయానికొస్తే, ఒక్కటి దొరికినా చాలు, కానీ గూగుల్ తరచూ వచ్చిపోయే పేజీ నుంచి దొరకాలి. చీరల సైటుకైతే నేయించే చేనేత సంఘం పేజీయో, మీ దగ్గర సరుకు తీసుకునే బొటిక్ పేజీయో. పచ్చళ్లకైతే మీ సరుకు అమ్మే దుకాణం సైటు. చదువుకున్న కాలేజీ పూర్వ విద్యార్థుల పేజీ, సభ్యత్వం ఉన్న వర్తక సంఘం జాబితా... ఇవన్నీ అడిగితే ఇచ్చేవే, మొహమాటపడకుండా అడగాలి. వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిప్పినా గూగుల్ కంటపడదు, అవి దానికి కనిపించవు. యూట్యూబ్ వివరణలోనూ, ఫేస్‌బుక్‌లోనూ ఇచ్చే లింకుల మీద నోఫాలో ముద్ర (ఈ లింకుని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పేది) ఉంటుంది. 2020 మార్చి నుంచి గూగుల్ దాన్ని ఆజ్ఞగా కాక సూచనగా తీసుకుంటోంది కాబట్టి పూర్తిగా పనికిరావని కాదు, వాటి మీదే ఆధారపడకూడదు. “వెయ్యి రూపాయలకి 500 బ్యాక్‌లింకులు” అనే ప్యాకేజీల జోలికి మాత్రం పోవద్దు. డబ్బిచ్చి ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాలకి నేరుగా విరుద్ధం. కొత్త సైటుకి ఆ మచ్చ పడితే కడుక్కోవడం చాలా కష్టం.

వచ్చి చదివి వదిలేస్తే

స్టేటస్ “క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్డ్” అని మారితే కథ వేరు. గూగుల్ వచ్చింది, చదివింది, ఉంచుకోలేదు. మన ప్రాంతంలో దీనికి తరచూ కనిపించే కారణాలు రెండు.

మొదటిది డీటీపీ మేటరు. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో కొట్టించిన మేటరుని పీడీఎఫ్‌గానో, జేపీజీగానో సైటులో పెట్టేస్తారు. కంటికి చక్కటి తెలుగే. ఆ పీడీఎఫ్‌లో రెండు వరుసలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్టు చేసి చూడండి. ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి వస్తే గూగుల్ చదువుతున్నదీ అదే. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి (ఎక్కడైనా చదవగలిగే ప్రామాణిక అక్షరాల్లోకి) మార్చి, వత్తులూ సున్నలూ తప్పాయేమో సరిచూసి, పేజీలో అక్షరాలుగా పెట్టాలి. వేరే దారి లేదు.

రెండోది రోజువారీ ధరల పేజీలు. గుంటూరు మిర్చి యార్డులో ఈరోజు తేజ రకం ఇంత, 334 ఇంత, బాడిగ ఇంత అని రోజుకో పేజీ, పేజీకి నాలుగు వరుసలు. తేదీ, అంకెలు తప్ప అన్నీ ఒకేలా ఉన్న పేజీలు వందల్లో చేరితే వాటిలో ఎక్కువభాగం ఎక్కవు. రకానికొక పేజీ పెట్టండి. తేజకి ఒకటి, 341కి ఒకటి. ఆ పేజీలోనే క్వింటా ధరల పట్టిక రోజూ నింపుతూ, ధర ఎందుకు మారిందో, తేమ ఎంతుంటే ఎంత తగ్గిస్తారో రాయండి. ఒకే చిరునామా బలపడుతుంది, లింకులన్నీ దానికే చేరతాయి.

చిరునామా విషయంలోనూ ఒక జాగ్రత్త. బ్లాగర్‌లో శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే చిరునామా “బ్లాగ్ పోస్ట్ 12” లాంటి అర్థంలేని పేరుగా తయారవుతుంది. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు చిరునామా పనిచేస్తుంది గానీ, ఒక్కో తెలుగు అక్షర సంకేతమూ తొమ్మిది గుర్తులుగా మారుతుంది. గుణింతం, వత్తు కూడా విడిగా లెక్కే. పరిమితి 200 కాబట్టి ఇరవై రెండు సంకేతాలకే తెగిపోతుంది. పబ్లిష్ చేయకముందే చిరునామాని ఇంగ్లిష్ అక్షరాల్లో మూడు నాలుగు మాటలకి కుదించండి. శీర్షిక మాత్రం తెలుగులోనే ఉంచండి.

మిగతావి క్లుప్తంగా

మైక్రోసాఫ్ట్ సెర్చ్ అయిన బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సెర్చ్ కన్సోల్ నుంచి నేరుగా ఇంపోర్ట్ చేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని, చేసేయండి. పేజీ మారిందని సెర్చ్ ఇంజిన్లకి కబురు పెట్టడానికి 2021లో వచ్చిన ఇండెక్స్‌నౌ బింగ్‌కీ, యాండెక్స్‌కీ ఉపయోగం, గూగుల్ దాన్ని వాడదు. ప్రోగ్రామ్ ద్వారా రిక్వెస్ట్ పంపే గూగుల్ ఇండెక్సింగ్ ఏపీఐ ఉద్యోగ ప్రకటనలకీ, లైవ్ ప్రసారాల పేజీలకీ మాత్రమే ఉద్దేశించింది, వ్యాసాలకి వాడమని చెప్పేవాళ్ల మాట వినకండి. దుకాణం ఉన్నవాళ్లు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టుకుని అందులో సైటు చిరునామా ఇవ్వాలి. మ్యాప్స్‌లో కనిపించడానికి అది వేరే దారి, సైటు పేజీలు ఎక్కడానికి బదులు కాదు.

ఇవన్నీ చేశాక రోజూ గూగుల్‌లో సైట్ కోలన్ పక్కన మీ సైటు చిరునామా కొట్టి ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టకండి, ఆ లెక్క పూర్తి లెక్క కాదు. సెర్చ్ కన్సోల్ పేజెస్ నివేదిక కూడా కొన్ని రోజులు వెనకబడి ఉంటుంది. మీకు ముఖ్యమైన ఐదు చిరునామాలు రాసుకుని, వారానికోసారి ఒక్కోదాన్నీ పై పెట్టెలో పెట్టి స్టేటస్, రిఫరింగ్ పేజ్ చూడండి. రిఫరింగ్ పేజ్ దగ్గర ఇంకా “నన్ డిటెక్టెడ్” ఉన్న పేజీకి, ఇప్పటికే ఎక్కిన మీ పేజీల్లో ఒకదాన్నుంచి ఆరోజే లింకు వేయండి.