బెంగళూరులో ఎస్‌ఎస్‌బీ కోచింగ్: గ్రౌండ్‌కు మంచి మార్కులు, నాయకత్వ పాఠానికి తక్కువ

ఆర్మీ ఆఫీసర్ ఎంపికకు సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) జరిపే ఇంటర్వ్యూకు బెంగళూరు కబ్బన్ రోడ్డులోని సెలక్షన్ సెంటర్ సౌత్ పడిన మన తెలుగు పిల్లల్లో చాలామంది, రిపోర్టింగ్ తేదీకి రెండు మూడు వారాల ముందే వచ్చి ఏదో ఒక కోచింగ్‌లో చేరుతుంటారు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్ళలో చదివినవాళ్ళకు ఈ లోకం కొంత తెలుసు. డిగ్రీ కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళకు ఫట్టా (చెక్క పలక) ఏదో, బల్లీ (పొడవాటి కర్ర) ఏదో కూడా తెలియదు. హెన్నూరు వైపు నడుస్తున్న ఒక సెంటర్ రెండు వారాల కోర్సు మీద ఈ సమీక్ష ముఖ్యంగా వాళ్ళ కోసం. సెంటర్ పేరు రాయడం లేదు. ఇలాంటివి నగరంలో చాలానే ఉన్నాయి, అన్నిటినీ తూచే పద్ధతి ఒకటే.

ముందు గ్రౌండ్ గురించి. కట్టిన డబ్బుకు న్యాయం జరిగేది అక్కడే. జట్టంతా కలిసి సామాన్లతో అడ్డంకులు దాటే ప్రోగ్రెసివ్ గ్రూప్ టాస్క్‌కు నాలుగు అడ్డంకులు ఒకదాన్ని మించి ఒకటి కష్టంగా ఉండేలా కట్టారు. తెల్లరంగు మీద కాలు పెట్టొచ్చు, ఎర్రరంగును ముట్టుకోకూడదు. నాలుగడుగులు మించిన ఎడాన్ని దూకకూడదు. రెండు గట్టి వస్తువులను ఒకదానికొకటి కట్టి పొడుగు చేయకూడదు. ఈ నియమాలన్నీ మొదటిరోజే నోటికి వచ్చేదాకా చెప్పిస్తారు. తాళ్ళు గట్టివి, ఫట్టాల అంచులు నున్నగా చెక్కినవి, చేతుల్లో పేళ్ళు దిగవు.

కాంటిలీవర్ పాఠం, అంటే వెనక కొసన బరువుంచి ఫట్టాను ముందుకు చాచే పద్ధతి, చాలా బాగా చెబుతారు. 8 అడుగుల ఫట్టాను అంచు మీదుగా 5 అడుగులు ముందుకు తోస్తే వెనక 3 అడుగులే మిగులుతుంది. 70 కిలోల మనిషి ముందు కొసకు నడిస్తే అటు పక్క బరువు × దూరం 70 × 5, అంటే 350. వెనక కొసన అంతే బరువున్నవాడు ఒక్కడు నిలబడితే 70 × 3, అంటే 210 మాత్రమే. ఫట్టా లేచిపోతుంది. ఇద్దరు నిలబడితే 420, ఫట్టా సొంత బరువు కలిపినా ఆగుతుంది. ఈ లెక్క బోర్డు మీద వేసి, వెంటనే మోకాలెత్తులో చేయించి చూపిస్తారు. ఒకసారి కాళ్ళకు తెలిస్తే ఇక మరిచిపోరు.

అయితే అసలు ప్రశ్న ఆ తర్వాతే మొదలవుతుంది. వెనక బరువుగా నిలబడ్డ ఆ ఇద్దరూ ఎలా దాటాలి? ముందు దాటినవాళ్ళు అవతలి కట్టడం నుంచి తాడు దించి ఫట్టా ముందు కొసను పట్టి నిలపాలి, లేదా రెండో ఫట్టాతో వంతెన వేయాలి. ఈ మాట ప్లాన్ చెప్పేటప్పుడే కమాండర్ నోట రావాలి. ఒకరు కమాండర్‌గా ఉండి తోటివాళ్ళను సబార్డినేట్లుగా పెట్టుకుని అడ్డంకి దాటించే కమాండ్ టాస్క్‌లో చెడే ప్లాన్లు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. కమాండర్ చేరతాడు, లోడ్ (మోసుకెళ్ళాల్సిన సామాను) చేరుతుంది, సబార్డినేట్ ఒకడు ఇవతలే ఫట్టా తొక్కిపట్టి నిలబడి ఉంటాడు. ఈ సెంటర్‌లో మాత్రం లోడ్ దాటగానే స్టాప్‌వాచ్ ఆపి ‘వెరీ గుడ్’ అంటారు. కోర్సులో అతి పెద్ద లోపం ఇదే. నాయకుడంటే గొంతెత్తి చెప్పేవాడు, త్వరగా ముగించేవాడు అన్న అభిప్రాయం అక్కడే కుర్రాళ్ళలో పాతుకుంటోంది.

1932లో డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీ ప్రారంభోత్సవంలో అప్పటి భారత సైన్యాధిపతి చెట్వుడ్ చెప్పిన మాటలు క్లాసు గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. దేశ భద్రత, గౌరవం, క్షేమం మొదట. నీ చేతికింది మనుషుల గౌరవం, క్షేమం, సౌకర్యం తర్వాత. నీ సుఖం, సౌకర్యం, భద్రత ఎప్పుడూ, ప్రతిసారీ చివరే. ఇందులో రెండో మాటకు పాఠాల్లో చోటు దొరకలేదు.

కమిషన్ వచ్చిన కొత్తలో ఒక లెఫ్టినెంట్ చేతికి వచ్చే ప్లాటూన్‌లో సుమారు ముప్పై మంది ఉంటారు. రూట్ మార్చ్ అయ్యాక అతను వాళ్ళ పాదాలు చూడాలి. తడి సాక్సులు మార్పించాలి, బొబ్బ లేచినవాడి పేరు రాసుకోవాలి. బొబ్బ దాచుకున్నవాడు మర్నాడు వెనకబడతాడు, అతని బరువు మరో ఇద్దరి భుజాల మీద పడుతుంది, సెక్షన్ (ప్లాటూన్‌లో ఒక చిన్న జట్టు) మొత్తం వేగం తగ్గుతుంది. ఫీల్డ్‌లో జవాన్లు తిన్నాకే ఆఫీసర్ తినాలి, వంట సరిపోయిందో లేదో తెలిసేది అప్పుడే. సెలవుల జాబితాలో ఎవరి వంతు తప్పిపోతోందో చూడాలి. సైనిక్ సమ్మేళన్‌లో, అంటే జవాన్లంతా కూడే సమావేశంలో, జవాను లేచి అడిగిన ఇబ్బందికి జవాబు చెప్పాలి. ఇవన్నీ దయతో చేసే పనులు కావు, ఉద్యోగంలో భాగం.

ఆజ్ఞ ఇవ్వడం కూడా అంతే. పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా, సంకేతాలు అని ఐదు భాగాలుగా చెబుతారు. కుర్రాళ్ళు నాలుగోదాన్ని దాటేస్తారు. గాయపడినవాణ్ణి ఎవరు, ఏ దారిన, ఎక్కడికి తీసుకెళ్ళాలి, నీళ్ళు ఎక్కడ నింపుకోవాలి అన్నవి ఆ భాగంలోనే ఉంటాయి. ఇక సమయం. రాత్రి 10కి ఆజ్ఞ అందింది, తెల్లవారుజామున 4కి కదలాలి. ఈ 6 గంటల్లో కమాండర్ వాడుకోదగ్గది మూడో వంతు, అంటే 2 గంటలు. మిగతా 4 గంటలు సెక్షన్ కమాండర్లకు వదలాలి. వాళ్ళు మందుగుండు పంచాలి, సామాన్లు సరిచూడాలి, మనుషుల్ని కాసేపు నిద్రపోనివ్వాలి. తాను పడిపోతే తర్వాత ఎవరు నడిపిస్తారో కూడా అందరికీ ముందే తెలియాలి. 1950 నాటి ఆర్మీ యాక్ట్ శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాణ్ణి. అంటే ఇచ్చే ఆజ్ఞ చట్టానికి లోబడి ఉందా అని చూసుకునే భారం ఇచ్చేవాడి మీదే మొదట పడుతుంది.

ఇలాంటివి ఈ కోర్సులో ఒక్క రిటైర్డ్ కల్నల్ గారి ఉపన్యాసంలోనే వినిపించాయి, అదీ కోర్సు ముగిసే పూట, అందరూ బ్యాగులు సర్దుకునే వేళ. ఆయన పాఠం మొదటిరోజు పెట్టి, తర్వాతి ప్రతి టాస్క్‌నూ దానితో కొలిస్తే ఈ సెంటర్ విలువ రెట్టింపవుతుంది.

ఒక కథలో ఒకేసారి వచ్చే సమస్యలకు జట్టుగా ప్లాన్ వేసే గ్రూప్ ప్లానింగ్ ఎక్సర్‌సైజ్‌కు ఇసుక మోడల్ చక్కగా తయారుచేశారు. కానీ ‘రైలు ప్రమాదం ముందు, పాముకాటు తర్వాత’ అని సూత్రం బట్టీ పట్టిస్తారు. అలా కాదు. కథలో ఇచ్చిన దూరం, వాహనం, గడువు మూడూ చూసి, ప్రాణాపాయాల్లో ఏది ముందు ముంచుకొస్తుందో నిమిషాల్లో లెక్కవేయాలి. జీపును ఏ జట్టుకిస్తే మిగతావాళ్ళు నడిచి ఎంతలో చేరతారో రాయాలి. అందరి కాగితాల్లో ఒకే పరిష్కారం కనిపిస్తే బోర్డులో కూర్చున్న అధికారులకు కోచింగ్ వాసన ఇట్టే తెలిసిపోతుంది.

సైకాలజీ పరీక్షలకు సాధన సరిపడా ఉంది. 60 పదాలకు ఒక్కోదానికి 15 సెకన్లలో ఒక వాక్యం, 60 సందర్భాల్లో ఏం చేస్తారో 30 నిమిషాల్లో, గడియారం పెట్టి రాయిస్తారు. రెడీమేడ్ వాక్యాల జిరాక్స్ కట్ట ఇస్తే తీసుకోకండి. గ్రూప్ డిస్కషన్‌లో ఇంగ్లిష్ తడబడే తెలుగు పిల్లల్ని హేళన చేయరు, ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన విషయం. హాస్టల్ భోజనం ఫర్వాలేదు.

గ్రౌండ్ అసలు చూడనివాళ్ళు నిస్సందేహంగా చేరొచ్చు. ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ ఉండి, అడ్డంకులు అలవాటున్నవాళ్ళకు ఒక వారం చాలు, వారం ఫీజు తీసుకుంటారేమో ముందే అడగండి. కోర్సు ముగిశాక రిపోర్టింగ్‌కు కనీసం మూడు రోజులు ఎడం ఉండేలా బ్యాచ్ ఎంచుకోండి. తాళ్ళకు ఒరుసుకున్న అరచేతులు ఆరకపోతే ఒక్కొక్కరుగా అడ్డంకులు దాటే ఇండివిడ్యువల్ అబ్‌స్టకిల్స్‌లో ఉన్న మూడు నిమిషాల్లో తాడెక్కడం కష్టమవుతుంది.