కిచెన్ కబోర్డుల డీప్ క్లీనింగ్: పై వరసకు పిలవండి, కింద మీరే చూసుకోండి

దసరా ముందు యాప్‌లో బుక్ చేసి కిచెన్ కబోర్డులు శుభ్రం చేయించాను. రూ.1,800 అయింది. కంపెనీ పేరు రాయను. ఈ పని చేసేవాళ్లందరిదీ దాదాపు ఇదే పద్ధతి అని మా అపార్ట్‌మెంట్‌లో వాళ్లూ అన్నారు.

ముందు మెచ్చుకోవాల్సింది చెబుతాను. చిమ్నీ ఉన్నా సరే, రోజూ పోపులు, ఆదివారం పూరీలు ఉన్న ఇంట్లో కబోర్డుల నెత్తిన జిడ్డు పేరుకోక మానదు. నూనె ఆవిరి అక్కడ చేరి, గాలికి గట్టిపడి, దుమ్ము పట్టి బంకలా తయారవుతుంది. తడిగుడ్డకు లొంగదు. వచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ మందు కొట్టి, కాసేపు నాననిచ్చి, ప్లాస్టిక్ బద్దతో గీకితే గోధుమరంగు బంక చుట్టలు చుట్టుకుంటూ ఊడొచ్చింది. హ్యాండిళ్ల వెనక సందుల్లో కూడా టూత్‌బ్రష్ పెట్టి తీశారు. నిచ్చెనెక్కి అంతసేపు చేతులెత్తి రుద్దడం నా నడుముతో అయ్యే పని కాదు. అక్కడికి డబ్బులు గిట్టినట్టే.

కింది వరసకు వచ్చేసరికి హడావుడి మొదలైంది. మా కబోర్డులకు పైన లామినేట్ షీటు అతికించి ఉన్నా లోపల పార్టికల్ బోర్డే, అంటే చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసిన పలక. అంచు పట్టీ సందులోంచి నీళ్లు దిగితే ఉబ్బుతుంది, మళ్లీ మామూలు కాదు. వీళ్లేమో సింకు కింద స్ప్రే నేరుగా బందుల మీదే కొట్టి, తడి ఆరకుండానే తలుపులు మూసేశారు. ఒకతను స్టీలు పీచు తీస్తుంటే నేనే ఆపాను. లామినేట్ మీద గీతలు పడితే వాటిల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. వాళ్లు వెళ్లాక పొడిగుడ్డతో తుడిచి, తలుపులన్నీ తెరిచి ఫ్యాన్ వేశాను. పప్పుల డబ్బాల అరలో నిమ్మకాయ సెంటు వాసన రెండ్రోజులు వదల్లేదు.

ఇక ఆవకాయ జాడీ కింద గుండ్రటి మరక. "అది పోదు మేడమ్, పట్టేసింది" అని చేతులెత్తేశారు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి మెత్తటి గుడ్డతో తుడిస్తే నూనె మొత్తం పోయింది, పసుపు ఛాయ మిగిలింది. ఆ అర పలకను ఊడదీసి బాల్కనీలో ఎండ తగిలేలా పెట్టాను. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కదా, ఇప్పుడు వెతికితే తప్ప కనపడదు. యూట్యూబ్ చూసి వెనిగర్, వంటసోడా కలిపి పోసేవాళ్లకు ఒక మాట: రెండూ కలిస్తే బుసబుస పొంగడమే తప్ప, ఒకదాని బలాన్ని ఇంకొకటి చంపేస్తుంది.

మళ్లీ పిలుస్తానా? పై వరసకు, చిమ్నీ చుట్టూ మాత్రం పిలుస్తాను. అంతవరకే చేయమని బుకింగ్‌లోనే రాస్తాను. ఈలోగా కబోర్డుల నెత్తిన పాత న్యూస్‌పేపర్లు పరిచాను, జిడ్డు పడితే తీసి పారేయొచ్చు. పోతూ పోతూ "ఫైవ్ స్టార్ ఇవ్వండి మేడమ్" అన్నాడు వాళ్లలో నిచ్చెనెక్కిన అబ్బాయి. కంపెనీకి మూడే ఇచ్చాను. నిచ్చెనెక్కినందుకు అతనికి వంద రూపాయలు విడిగా ఇచ్చాను.