మైపాడు బీచ్‌లో మెటర్నిటీ షూట్: ఫోటోలు బాగొచ్చాయి, గౌను సంగతి మాత్రం నన్నడక్కండి

నెల్లూరులో మెటర్నిటీ షూట్, అదే కడుపుతో ఉన్నప్పుడు తీయించుకునే ఫోటోలు, ఎవరు బాగా చేస్తారు, ఎంత తీసుకుంటారు అని ఏడో నెలంతా వెతికా, ఒక్కళ్ళూ సరిగ్గా రాయలా. అందుకే మాది అయిపోయినాక కూర్చుని రాస్తన్నా. స్టూడియో పేరు మాత్రం రాయను, పాపం కుర్రోళ్ళు కష్టపడ్డారు.

ముందు మా ఇంట్లో గొడవ. పోయిన రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నన్ను నీళ్ళలో నిలబెట్టి పిల్లల కోసం నా చేత సంతాన రొట్టె పట్టించింది మా అత్తమ్మే, అట్టా మొక్కుకుంటే వచ్చిన కడుపు, దాన్ని ఊరందరికీ చూపిస్తావా, దిష్టి తగలదా అని నాలుగు రోజులు మొహం మాడ్చుకుంది. చివరికి సీమంతం అయినాకే షూట్, కడుపు కనపడే ఫోటోలు స్టేటస్‌లో పెట్టకూడదు అని ఒప్పందం కుదిరింది. పెట్టలేదు కూడా. ఒకటి పెట్టా, అది చీరది.

31 వారాలప్పుడు తీయించుకున్నా. 28 నుంచి 34 లోపు అయితే కడుపు గుండ్రంగా కనపడతది, మనమూ కాస్త లేచి తిరగగలం. స్టూడియోలో అడిగితే మీ ఇష్టం మేడం ఎప్పుడైనా ఓకే అన్నారు, వాళ్ళకేం, మా ఆడపడుచు తొమ్మిదో నెల పడినాక పెట్టుకుంటే కాళ్ళు వాచిపోయి ఉంగరం కూడా ఎక్కలా, అన్ని ఫోటోల్లో చెయ్యి దాచుకునే ఉంది. ఏ వారమైనా ముందు డాక్టరమ్మని ఒక మాట అడిగి బుక్ చేసుకోండి.

ప్యాకేజీ 18 వేలు. రెండు గౌన్లు, మేకప్, బీచ్ ఒకటి, స్టూడియో లోపల ఒకటి, 25 ఎడిట్ చేసిన ఫోటోలు, ఒక ఆల్బమ్. అడ్వాన్సు 5 వేలు. బుకింగ్ రోజు స్టూడియో అబ్బాయి మేడం సన్‌సెట్‌లో చేద్దాం, సముద్రంలో సూర్యుడు మునిగేటప్పుడు మీరిద్దరూ నల్లగా నీడలాగా పడతారు అన్నాడు. మా ఆయన నవ్వాపుకోలేకపోయాడు. మన సముద్రం తూర్పున ఉంది నాయనా, మైపాడులో సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు గానీ మునగడు, సాయంత్రమైతే మన వెనకమాల ఊరి వైపు పోతాడు అంటే అప్పుడు మార్నింగ్ పెట్టారు.

మార్నింగ్ అంటే ఏందో తెలుసా, మూడున్నరకి మేకప్. నిద్ర లేదు, ఆకలి, పైగా టౌన్ నుంచి పాతిక కిలోమీటర్ల దాకా కారులో. మా అమ్మ రెండు ఇడ్లీలు, ఖర్జూరాలు, మజ్జిగ సీసా కట్టి ఇచ్చింది కాబట్టి సరిపోయింది, స్టూడియో వాళ్ళు మంచినీళ్ళ బాటిల్ కూడా తేలా. బాత్‌రూమ్ యాడుందో ముందే కనుక్కోండి, నేను కనుక్కోలా, ఇంకేం చెప్పను. బట్టలు మార్చుకునేది కారులోనే, అద్దాలకి చున్నీలు కట్టి.

ఇంకోటి ఎవరూ చెప్పనిది. ముందురోజు రాత్రి నుంచి వదులు నైటీ తప్ప ఏమీ వేసుకోమాకండి. నేను కార్లో పోయేటప్పుడు బిగుతు లెగ్గింగ్ వేసుకున్నా, పొట్ట మీద ఎలాస్టిక్ అచ్చు ఎర్రగా గీత పడిపోయి గంటసేపు పోలా, ఆ ఫోటోలన్నీ పక్కన పెట్టేశారు. గోరింటాకు పెట్టుకోవాలనుకుంటే ఆకు రుబ్బి పెట్టుకోండి, గంటలో నల్లగా పండే కోన్‌లు వద్దు, వాటిల్లో రంగు మందు కలిపేది ఉంటది, చర్మం పొక్కుతది.

ఇప్పుడు గౌను. ఫోన్లో చూపించింది ఎర్ర గౌను, పొడుగ్గా తోక, ఎగరేస్తే గాలిలో తేలుతా ఉంటది. వచ్చింది అదే గానీ మెడ దగ్గర ఎవరిదో ఫౌండేషన్ మరక, చంకల్లో సెంటు వాసన, సైజు రెండింతలు. వెనకమాల ఆరు బట్టల క్లిప్పులు పెట్టి బిగించారు, ముందు నుంచి చూస్తే మహారాణి, వెనక నుంచి చూస్తే దండెం. ఆ తోక ఒక్క అల తగిలేసరికి తడిసి ఇసక పట్టి ఎంత బరువెక్కిందంటే నేను కాదు కదా మా ఆయన కూడా ఎత్తలేకపోయాడు. తీసుకునే ముందు వేసుకుని చూడండి, ఉతికారా అని మొహమాటం లేకుండా అడగండి, 18 వేలు ఊరికే రాలా.

బీచ్ అయినాక స్టూడియోలో చుట్టూ పూలు పోసి వెల్లకిలా పడుకోమన్నారు, పైనుంచి తీస్తారంట. పడుకున్న రెండు నిమిషాలకి చెవులు గింగురుమన్నాయి, చల్లచెమట్లు, కళ్ళు తిరిగాయి. లైటు సెట్ చేసే అబ్బాయి ఒక్క నిమిషం అక్కా అంటా ఉన్నాడు, నేను గమ్మున ఎడమ పక్కకి తిరిగేశా, తగ్గింది. ఆ నెలల్లో వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువు వెన్ను పక్కనుండే పెద్ద రక్తనాళం మీద పడతదని మా డాక్టరమ్మ ముందే చెప్పుంది. రోజూ ఇదే పని చేసేవాళ్ళకి ఈ ఒక్క ముక్క తెలీకపోతే ఎట్టా? నాకు నిజంగా కోపం వచ్చింది ఇక్కడే, గౌను అంతా తర్వాతే. పక్కకి తిప్పి తీసిన ఫోటోనే ఇంకా బాగొచ్చింది, అది వేరే సంగతి.

కెమెరా అబ్బాయి పనితనానికి మాత్రం పేరు పెట్టేది లేదు. బీచ్‌లో చివర్న టైం మిగిలితే మా అమ్మ పెళ్ళినాటి వెంకటగిరి చీర, సన్న జరీ అంచుది, బ్యాగులో ఉంటే కట్టుకున్నా. మేకప్ సగం పోయింది, జుట్టు అంతా ఉప్పు గాలికి జిడ్డు, మా ఆయన కింద కూర్చుని నా కాలికి అంటిన ఇసక దులుపుతా ఉంటే చెప్పకుండా తీశాడు. మా అత్తమ్మ ఫ్రేము కట్టించుకుంది అదే, హాల్లో పెట్టి పక్కనే ఉప్పు, మిరపకాయలతో దిష్టి కూడా తీసింది.

ఎడిటింగ్‌లో నన్ను తెల్లగా సున్నం కొట్టారు, గడ్డం మీద పుట్టుమచ్చ కూడా తీసేశారు. మా అమ్మ చూసి ఇదెవరే అంది. రెండోసారి చెప్తే సరిచేసి ఇచ్చారు, గొణక్కుండా. 5కి మూడున్నర ఇస్తా. ఆల్బమ్ పదిహేను రోజులన్నారు, నెల దాటింది, వచ్చినాక అదెట్టా ఉందో కూడా రాస్తా.