ఫిట్‌నెస్ ట్రైనర్‌కి ఏది మేలు: లంకలో సాగా, గట్టు ఇవతల ఇల్లా?

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఆరేళ్లు జిమ్ ట్రైనర్‌గా చేసి, కిందటేడు అమలాపురం దగ్గర సొంతూరికి వచ్చేశాడు. పొద్దున్న అయిదున్నరకి స్కూలు గ్రౌండ్‌లో ఒక బ్యాచ్. సాయంత్రం టౌన్లో ఇళ్లకి వెళ్లి ముగ్గురికి. రాత్రి తొమ్మిదికి ఫోన్లో కువైట్‌లో ఉన్న ఇద్దరు ఆడవాళ్లకీ, డల్లాస్‌లో ఒకాయనకీ. మొన్న వచ్చి, "మావయ్యా, వెబ్‌సైట్ చేయించాలి. ఫ్రెండ్సేమో ఇన్‌స్టా చాలంటున్నారు. ఒకాయన నలభై వేలకి పెద్ద సైటు చేస్తానంటున్నాడు. ఏది చెయ్యమంటావ్?" అన్నాడు. పదేళ్లుగా హేచరీలకీ, ఫంక్షన్ హాళ్లకీ, ఒక పూతరేకుల కొట్టుకీ సైట్లు చేసి పెడుతున్నాను కాబట్టి నన్నడిగాడు.

నేను వాణ్ణి అడిగింది ఒకటే: నీ దగ్గర ఇప్పుడున్నవాళ్లు నీ గురించి ఎలా విన్నారు? పదిమందిలో తొమ్మిదిమంది నోటిమాట మీదే వచ్చారట. పెళ్లి భోజనాల దగ్గర ఎవరో అన్నారు, తోడికోడలు చెప్పింది, బావగారు నంబరిచ్చారు. మన డెల్టాలో ఇదింతే. పేరు ముందు చెవిన పడుతుంది, ఆ తర్వాత రాత్రి పదింటికి మంచమ్మీద పడుకుని ఫోన్లో వెతుకుతారు. వెతికేవాళ్లకి కావలసింది నాలుగే సంగతులు. ఎవరీ అబ్బాయి, ఎక్కడ నేర్చుకున్నాడు? నెలకెంత? ఎన్నింటికి, ఎక్కడ? నాకు మోకాలి నొప్పి ఉంది, ఫరవాలేదా? ఏ వెబ్‌సైటు మేలు అన్న లెక్కంతా ఈ నాలుగింటికీ ఎంత త్వరగా జవాబొస్తుందన్న దాని మీదే వెయ్యాలి.

ముందు ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ బిజినెస్ సంగతి. ఖర్చు సున్నా. వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చింది. ప్యాకేజీలు చూపించడానికి కేటలాగు, అడిగిన ప్రశ్నే పదిసార్లు అడిగేవాళ్లకి సిద్ధంగా ఉంచుకునే జవాబులు, ఎవరు డబ్బు కట్టారో ఎవరు కట్టలేదో గుర్తు పెట్టుకునే లేబుళ్లు, అన్నీ అందులోనే ఉన్నాయి. రీల్ ఒకటి బాగా ఆడిందంటే పక్క జిల్లా దాకా పేరు పాకుతుంది. దీన్ని నేను లంక సాగు అంటాను. గోదారి పాయల మధ్య ఒండ్రు పడ్డ నేల, విత్తు వేస్తే చాలు, ఎరువక్కర్లేకుండా పండుతుంది. కాకపోతే గోదారమ్మ ఎప్పుడు ఎటు కోస్తుందో చెప్పలేం. 1986 ఆగస్టు వరద చూసినవాళ్లకీ, 2022 జూలైలో లంకల్లోంచి పడవల మీద బయటికొచ్చినవాళ్లకీ దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. అకౌంట్ హ్యాక్ అయినా, పాస్‌వర్డ్ ఉన్న ఫోను కాలవలో పడినా, రీల్ ఎవరికి చూపించాలన్న లెక్క రేపు మారినా, మనం చెయ్యగలిగింది గట్టు మీద నిలబడి చూడటమే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నాలుగు సంగతులన్నానే, అవి ఇన్‌స్టాలో ఒక్క చోట దొరకవు. ఫీజు మూణ్ణెల్ల కిందటి పోస్టులో ఉంటుంది, టైములు ఎప్పుడో మాయమైపోయిన స్టోరీలో. మన ఊళ్లల్లో యాభై దాటిన ఆడవాళ్లు చాలామందికి ఇన్‌స్టా అకౌంటే ఉండదు. మోకాళ్ల కోసం ట్రైనర్ కావాలనుకునేది ఎక్కువగా వాళ్లే!

రెండోది నెలనెలా అద్దె కట్టే రెడీమేడ్ సైట్లు, విక్స్ లాంటివి. ఇది కౌలు. డిజైన్ బాగుంటుంది, ఒక్క సాయంత్రంలో పేజీ లేచి నిలబడుతుంది, మరమ్మతుల బాధ లేదు. కౌలు కట్టడం మానేస్తే మాత్రం ఖాళీ చెయ్యాలి. అక్కడ కట్టిన పేజీలు అలాగే ఎత్తి ఇంకో చోట దింపడం కూడా కుదరదు, మళ్లీ మొదట్నుంచీ కట్టుకోవాలి. ఊరికే ఇచ్చేవాటినీ నమ్ముకోలేం. మ్యాప్‌లో మన పేరు, నంబరు చూపించే బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. ఆ అడ్రస్ విజిటింగ్ కార్డుల మీద, ఆటోల వెనకాల వేయించుకున్నవాళ్ల గతేమిటి? ప్రొఫైల్ మాత్రం ఇప్పటికీ ఉచితమే. దాన్ని వదులుకోవద్దు. మ్యాప్‌లో పర్సనల్ ట్రైనర్ అనే కేటగిరీ ఉంది, ఇంటి అడ్రస్ చూపించకుండా ఫలానా ఊళ్లకి వస్తానని మాత్రమే పెట్టుకోవచ్చు. సైటు ఏది కట్టినా కట్టకపోయినా ఇది ముందు చెయ్యాల్సిన పని.

మూడోది ఆ నలభై వేల మేడ. వర్డ్‌ప్రెస్ మీద పన్నెండు పేజీలు, స్లైడరు, బ్లాగు, మెంబర్ లాగిన్, చాట్ బొమ్మ. వర్డ్‌ప్రెస్‌ని నేను తప్పు పట్టను. 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఒక హోస్టింగ్ (సైటుని ఉంచే అద్దె చోటు) నుంచి ఇంకో దానికి మూటగట్టుకుని పోవచ్చు. తంటా ఎక్కడంటే, ప్లగిన్లని, అంటే సైటుకి తగిలించుకునే అదనపు ముక్కల్ని, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చెయ్యాలి. చెయ్యకపోతే తలుపు తీసి పడుకున్నట్టే. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదిన్నరకి ఫోను పెట్టేసే మావాడు ప్లగిన్లు చూసుకుంటాడా? చూసుకోడు. బ్లాగులో "మా మొదటి పోస్టుకి స్వాగతం" అన్న ఒక్క ముక్క మూడేళ్లు అలాగే ఉంటుంది. అది చూసినవాళ్లు ఈ మనిషి ఇంకా పని చేస్తున్నాడా, మానేశాడా అనుకుంటారు. ఏమీ లేకపోవడం కంటే పాడుబడ్డ మేడ ఎక్కువ చెడ్డపేరు తెస్తుంది.

నా ఓటు నాలుగోదానికి: సొంత డొమైన్ మీద, అంటే మన పేరున కొనుక్కున్న వెబ్ అడ్రస్ మీద, ఒకే ఒక్క పేజీ. రెండు గదుల డాబా అనుకోండి. పైనుంచి కిందికి ఒక్కసారి వేలితో తోస్తే నాలుగు జవాబులూ అయిపోవాలి, వాట్సాప్ బటన్ మాత్రం ఎక్కడున్నా కనపడుతుండాలి. రీళ్లు ఆపెయ్యమనడం లేదు. సాగు లంకలోనే చెయ్యమను, కాపురం మాత్రం గట్టు ఇవతల. ప్రతి రీల్ కిందా, కార్డు మీదా, మ్యాప్ ప్రొఫైల్‌లోనూ ఆ ఒక్క అడ్రసే ఉంటుంది. రేపు బాగా కలిసొచ్చి జిమ్ పెట్టుకుంటే అదే అడ్రస్ మీద మేడ కట్టుకోవచ్చు, అడ్రస్ మారదు.

డాట్ ఇన్ డొమైన్ ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు పడుతుంది. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది నుంచి పెంచుతారు, కాబట్టి కొనేటప్పుడే రెన్యూవల్ ధర చూసుకోవాలి. డాట్ భారత్ అని తెలుగు అక్షరాల్లోనే చివర వచ్చే డొమైన్లు కూడా ఉన్నాయి, ముచ్చటగా ఉంటుంది గానీ ఫోన్లో చెప్పి రాయించుకోవడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం పట్టా ఎవరి పేరున ఉందన్నది. నా దగ్గరికి వచ్చిన ఒక ఫంక్షన్ హాలాయన డొమైన్‌ని అంతకుముందు సైటు చేసినవాడు తన ఈమెయిల్ మీద, తన పేరున కొనుక్కున్నాడు. మనస్పర్థలొచ్చాయి, డొమైన్ పోయింది. పెళ్లి శుభలేఖల మీద ఎక్కిన అడ్రస్ అది. సైటు ఎవరితో చేయించుకున్నా సరే, డొమైన్ మన ఫోన్లోంచి, మన ఈమెయిల్‌తో, మన కార్డుతో కొనుక్కోవాలి.

తెలుగా, ఇంగ్లీషా

"ఇంగ్లీషులో ఉంటే స్టాండర్డ్‌గా ఉంటుంది మావయ్యా" అన్నాడు. ఎవరికి స్టాండర్డు? వాడి బ్యాచ్‌లో సగంమంది అయిదో క్లాసు పిల్లల అమ్మమ్మలు. పేజీ తెలుగులోనే ఉండాలి, వాడు గ్రౌండ్‌లో మాట్లాడే తెలుగులో. జనం వెతికేటప్పుడు మాత్రం అమలాపురం, ట్రైనర్, జిమ్ అనే మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. అందుకని గూగుల్‌లో కనపడే పేజీ పేరూ, దాని కింద రెండు లైన్ల వివరమూ ఇంగ్లీషు అక్షరాల్లో కూడా ఉండాలి. ఇంకో చిన్న మాట: బోర్డు మీద కోచింగ్ అని రాయొద్దన్నాను. మన వైపు కోచింగ్ అంటే డీఎస్సీకా, గ్రూప్స్‌కా అని అడుగుతారు.

తెలుగు పేజీల్లో చాలామంది చేసే తప్పులు రెండు. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్‌ని తెచ్చి సైట్లో పేస్టు చేస్తారు. అది అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ కాదు, తెర మీద పిచ్చి అక్షరాలు పడతాయి. సరే అని దాన్ని బొమ్మగా మార్చి పెడితే గూగుల్‌కి అందులోని మాటలు సరిగ్గా అందవు. ఫోన్లో యూనికోడ్ కీబోర్డుతో మళ్లీ కొట్టుకోవడమే మేలు. రెండోది లైన్ల మధ్య ఎడం. ఇంగ్లీషు కోసం చేసిన డిజైన్లలో లైన్లు దగ్గరగా ఉంటాయి, మన ఒత్తులు కింద లైను గుడుల్ని గుద్దుకుంటాయి. ఎడం అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్ల పైన ఉంచాలి. మండలి, నోటో సాన్స్ తెలుగు, శీర్షికలకి రామభద్ర, ఇవన్నీ గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతాయి. తెలుగుని ఇటాలిక్ చెయ్యకండి, పడిపోబోయే గోడలా ఉంటుంది.

ఫీజు చెప్పాలా, దాచాలా

దాస్తే ఫోను చేస్తారు, మాట్లాడి ఒప్పించొచ్చు అన్నది వాడి లెక్క. నేనొప్పుకోలేదు. ఫీజు లేకపోతే మొహమాటస్థులు ఫోనే చెయ్యరు, బేరగాళ్లు మాత్రం చేస్తారు. గ్రౌండ్ బ్యాచ్‌కి ఇంత, ఇంటికొస్తే ఇంత, ఆన్‌లైన్‌లో ఇంత అని మూడు లైన్లు రాసి పారేస్తే సరి.

డబ్బు తీసుకోవడంలోనూ రెండు దారులున్నాయి. ఊళ్లోవాళ్లకి యూపీఐ క్యూఆర్ చాలు. కార్డుతో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే పెట్టుకుంటే ఇక్కడి కార్డులకి సుమారు 2 శాతం పోతుంది, విదేశీ కార్డులకి ఇంకాస్త ఎక్కువ. డల్లాస్ ఆయన అక్కడి కార్డుతో కడితే గేట్‌వే తప్పదు. కువైట్ వాళ్ల సంగతి వేరు. 2023లో పది దేశాల ఫోన్ నంబర్లతో ఎన్‌ఆర్‌ఐ ఖాతాలకి యూపీఐ ఇచ్చినప్పుడు ఆ జాబితాలో యూఏఈ, ఖతార్, ఒమన్ ఉన్నాయి గానీ కువైట్ లేదు. వాళ్ల ఫీజు ఇక్కడున్న తమ్ముడు కడుతున్నాడట. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

బుకింగ్ కూడా ఇంతే. ఊళ్లోవాళ్లకి వాట్సాప్ మెసేజ్‌ని మించింది లేదు, ఫారం పెడితే నింపరు. సముద్రం అవతలివాళ్లకి మాత్రం క్యాలెండర్ లింకు పెట్టుకోవాల్సిందే. మన రాత్రి తొమ్మిది కువైట్‌లో ఎప్పుడూ సాయంత్రం ఆరున్నరే. డల్లాస్‌లో చలికాలం పొద్దున్న తొమ్మిదిన్నర, ఎండాకాలం పదిన్నర. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు మార్చుకుంటారు. నిరుడు నవంబరులో మావాడు ఫోను పట్టుకుని ఒక గంట ఊరికే కూర్చున్నాడు.

ఒకే ఒక్క ఫారం మాత్రం తప్పనిసరి అన్నాను. వ్యాయామం మొదలుపెట్టేముందు అడిగే పార్-క్యూ ప్లస్ అనే ప్రశ్నావళి ఉంది, మొదటి పేజీలో ఏడు ప్రశ్నలు: గుండె జబ్బు, బీపీ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, ఇలాంటివి. దాన్ని తెలుగులో పెట్టి, ఎవరైనా ఒక్కదానికి అవునంటే తర్వాతి ప్రశ్నలూ అడిగి, అవసరమైతే డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి. ఆ జవాబులు ఇన్‌స్టా మెసేజిల్లో పడుండకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అనుమతి అడిగి తీసుకోమంటుంది, ఎందుకు తీసుకుంటున్నామో చెప్పమంటుంది. ఫారం పైన ఆ సంగతి రాసి, ఒప్పుకున్నాకే జవాబులు తీసుకోవాలి.

ఫొటోల దగ్గర ఇద్దరం కాసేపు గట్టిగానే వాదించుకున్నాం. వాడికి ముందు ఇలా, తర్వాత ఇలా అని పొట్టలు చూపించే ఫొటోలు కావాలి. పట్నంలో నడుస్తాయేమో. ఇక్కడ ఆ ఫొటోలో ఉన్నావిడ ఎవరో పక్క వీధివాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఒప్పుకున్నా సరే, ఆర్నెల్ల తర్వాత తీసెయ్యమంటే తియ్యాలి. దానికంటే ద్రాక్షారామం గుడికి వెళ్లి మెట్లు ఆగకుండా ఎక్కానని ఒకావిడ గొంతుతో ఇరవై సెకన్లు వినిపిస్తే నేను ఎక్కువ నమ్ముతాను. షుగర్ తగ్గిస్తాం, ఊబకాయం నయం చేస్తాం అని పౌడర్ల ప్రకటన పక్కన పెట్టడం మరీ ప్రమాదం. మందుతో డయాబెటిస్, ఊబకాయం నయమవుతాయని ప్రకటించడాన్ని నిషేధించిన చట్టం 1954 నుంచీ ఉంది. ఇక బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ మా ఊరివాడే అని ఆయన ఫొటో పెడదామన్నాడు. 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో అమలాపురం కుర్రాడుండటం మనందరికీ గర్వమే గానీ, అనుమతి లేకుండా పేజీ మీద పెడితే ఆయనే నేర్పిస్తున్నాడనుకుంటారు.

తెల్లవాళ్లు డంబెల్స్ ఎత్తే కొనుక్కొచ్చిన ఫొటోలూ వద్దన్నాను. ఫోన్లో తీసిన సొంత ఫొటోలు నాలుగు చాలు, సైజు తగ్గించి. ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే లంక గ్రామంలో సిగ్నల్ మీద పేజీ తెరుచుకోదు. పేజీలో పెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనపడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. రెండు వందల కేబీకి దింపితే సరిపోతుంది.

డొమైన్ నిన్న కొన్నాడు. పేజీ నేను రాసి పెడతాను, ఫొటోలే రావాలి. ధనుర్మాసం కదా, గ్రౌండ్‌లో ఏడింటిదాకా మంచు వదలడం లేదు, సంక్రాంతి వెళ్లాక ఎండలో తీస్తానన్నాడు. మంచులోనే తియ్యమన్నాను. వెనకాల కొబ్బరిచెట్లు సగం కనపడుతూ, స్వెట్టర్ల మీద చున్నీలు బిగించుకుని చేతులు పైకెత్తిన ఆ పదిమంది ఆడవాళ్లని.