ఫాంటసీ ప్రీమియర్ లీగ్: ఆఫీసు వాళ్లతో ఆడాలనుకుంటే హెడ్-టు-హెడ్ పెట్టుకోండి

జట్టు ఎలా కట్టాలి, 100 మిలియన్లలో ఎవరెవరిని సర్దాలి అన్నది చెప్పడానికి బోలెడు మంది ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోను. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో మనం ఒక ఊహా జట్టు కట్టుకుంటాం, నిజం మ్యాచ్‌ల్లో వాళ్లు ఆడినదాన్ని బట్టి మనకి పాయింట్లు వస్తాయి, అదే ఈ ఆట. మా హైదరాబాద్ ఆఫీసు వాళ్లతో కొన్ని సీజన్లుగా ఆడుతున్నాను, లీగ్ నడిపేది కూడా నేనే. ఇందులో నాకు విపరీతంగా నచ్చింది ఒక్కటే. ప్రైవేట్ లీగ్ పెట్టేటప్పుడు క్లాసిక్‌తో పాటు హెడ్-టు-హెడ్ అని ఇంకో రకం కనిపిస్తుంది చూడండి, అది. చాలామంది దాన్ని ముట్టుకోరు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లకి మాత్రం అదే సరైనదని గట్టిగా చెబుతాను.

క్లాసిక్‌లో సీజన్ మొత్తం పాయింట్లు కూడి ర్యాంకులు ఇస్తారు. దాంతో ఏమవుతుందంటే, ఆగస్టులో అందరూ ఉత్సాహంగా చేరతారు, దసరా దాటేసరికి ఇద్దరో ముగ్గురో అందనంత పైకి వెళ్లిపోతారు, మిగతావాళ్లకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజులు, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్లిళ్లు, కొన్ని వారాలు జట్టు వైపు చూడకపోతే పాయింట్లలో బాగా వెనకబడిపోతారు, ఇక యాప్ తెరవడమే మానేస్తారు. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి సగం జట్లకి దిక్కుండదు. హెడ్-టు-హెడ్‌లో ప్రతి వారం లీగ్‌లో ఒక మనిషితో మీకు పోటీ పడుతుంది. మీ జట్టు అతని జట్టుకంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకుంటే లీగ్ పట్టికలో మీకు 3, సమానమైతే 1. ఒక్క పాయింటుతో గెలిచినా, నలభైతో గెలిచినా అదే 3. పోయిన వారం ఎంత ఘోరంగా పోయినా ఈ వారం ఇద్దరూ సున్నా నుంచే మొదలుపెడతారు, పైగా ఆ ఇంకొకరు రోజూ లిఫ్టులో కనిపించే మనిషి.

2024-25 సీజన్‌లో మా లీగ్‌కి బేసి సంఖ్యలో మనుషులు తేలారు. అలాంటప్పుడు 'యావరేజ్' అని ఒక ఉత్తుత్తి జట్టు వచ్చి చేరుతుంది, ఆ వారం సగటు స్కోరు ఎంతో దానికీ అంతే. దాంతో ఆడటం ఎవరికీ ఇష్టం లేక, ఫైనాన్స్‌లో ఉండే ఒక మేడమ్‌ని బతిమాలి చేర్పించాం. ఆవిడ అప్పటిదాకా ఫుట్‌బాల్ మ్యాచ్ చూసినవారు కాదు. కానీ రూల్స్ పేజీ ప్రింటు తీసి, పసుపు హైలైటర్‌తో గీతలు గీసి, మానిటర్ పక్కన అంటించుకున్నారు. రెండో రోజు నన్ను పిలిచి అడిగారు: "ఏమండీ, హాలండ్ ధర 15 మిలియన్లు, సలాది 12.5. సలాని మిడ్‌ఫీల్డర్ కింద రాశారు, మిడ్‌ఫీల్డర్ గోల్ కొడితే 5, ఫార్వర్డ్ కొడితే 4. మరి మీరంతా ఎక్కువ పెట్టి హాలండ్‌ని ఎందుకు కొంటున్నారు?" ఆ సీజన్ లివర్‌పూల్ ఆటగాడు సలాదే. 29 గోల్స్, 18 అసిస్టులు, 344 పాయింట్లు. అప్పటికి ఈ ఆటలో ఒక సీజన్‌లో ఎవరికీ అన్ని రాలేదు.

డిసెంబర్‌లో ఆవిడకి టెస్టింగ్ టీమ్ కుర్రాడితో పోటీ పడింది. అతను కాలేజీ రోజుల నుంచీ టోటెన్‌హామ్ అభిమాని, ఆ ఆదివారం, అంటే 22న, టోటెన్‌హామ్‌కి సొంత మైదానంలో లివర్‌పూల్‌తో మ్యాచ్. "మా వాళ్ల మీద సలాని కెప్టెన్ చేయడం నా వల్ల కాదన్నా" అని చెల్సీ ఆటగాడు పామర్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నాడు. కెప్టెన్‌కి పాయింట్లు రెండింతలు. మేడమ్ ఏకంగా సలా మీద ట్రిపుల్ కెప్టెన్ వాడేశారు, అంటే ఆ వారం అతని పాయింట్లు మూడింతలు. అప్పట్లో అది సీజన్ మొత్తానికి ఒక్కసారే దొరికేది, ఒకే వారంలో రెండు మ్యాచ్‌లు పడేదాకా దాచుకోవాలని గ్రూపులో అందరం మొత్తుకున్నాం. ఆవిడ ఒక్కటే మాట అన్నారు: "ఈ వారం నేను గెలవాల్సింది ఈ అబ్బాయి మీదేగా."

మన టైంలో ఏడున్నరకి మొదలైన ఎవర్టన్, చెల్సీ మ్యాచ్ 0-0. పామర్‌తో లాభం లేకపోయింది. పదింటికి టోటెన్‌హామ్ మ్యాచ్. మొదటి సగానికే 1-3, గంట ఆట దాటేసరికి 1-5, చివరికి 3-6. సలాకి రెండు గోల్స్, రెండు అసిస్టులు, బోనస్‌తో కలిపి 21 పాయింట్లు, మూడింతలు చేస్తే 63. మేడమ్ 9 పాయింట్ల తేడాతో గెలిచారు. మామూలు కెప్టెన్‌గా పెట్టి ఉంటే 12తో ఓడేవారే. ఆవిడ మ్యాచ్ చూడలేదు, అప్పటికే నిద్రపోయారు. పొద్దున ఆ కుర్రాడే వాళ్ల ఫ్లోర్‌కి వెళ్లి ఫోన్‌లో స్కోరు చూపించాడు, "పోనీలే బాబూ, మీ వాళ్లు కూడా మూడు కొట్టారుగా" అన్నారట. అంతకుముందు వాళ్లిద్దరి మధ్య ట్రావెల్ బిల్లుల మెయిళ్లు తప్ప మాటల్లేవు. ఆ తర్వాత ఎవరికి గాయమైందో అతను చెప్పేవాడు, లెక్క ఆవిడ చూసేవారు.

తుపాను వల్ల డిసెంబర్ 7న వాయిదా పడ్డ ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ ఫిబ్రవరిలో 24వ గేమ్‌వీక్‌లోకి, అంటే ఆట లెక్కలో 24వ వారంలోకి వచ్చింది. రెండు మ్యాచ్‌లు కలిపి సలాకి 29. ట్రిపుల్ కెప్టెన్ అప్పటిదాకా దాచుకున్నవాళ్లకి 87 వచ్చాయి. మామూలు కెప్టెన్‌కి ఎలాగూ రెండింతలు వస్తాయి, ట్రిపుల్‌తో అదనంగా వచ్చేది ఇంకో వంతే, కాబట్టి మొత్తం పాయింట్ల లెక్కలో తొందరపడినందుకు మేడమ్‌కి పోయింది 29కీ 21కీ తేడా, అంటే 8, హెడ్-టు-హెడ్‌లో చేతికి వచ్చింది ఒక పూర్తి గెలుపు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఇదే, ఎదుట ఎవరున్నారో చూసి ఆడొచ్చు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో చట్టాలు మారాక డబ్బు కట్టి ఆడే ఫాంటసీ యాప్‌లు మనవాళ్లని రానిచ్చేవి కావు, 2025 ఆగస్టులో కేంద్రం చట్టంతో దేశమంతా ఆ తరహా పోటీలు ఆగిపోయాయి. ఇది ఉచితం. మా గ్రూపులో తలా ఐదొందలు వేసుకుందామా అని ఒకసారి మాట వస్తే నేను ఒప్పుకోలేదు. డబ్బు పెడితే మేడమ్ లాంటివాళ్లు అసలు చేరరు.

అలాగని అంతా బాగుందని కాదు. జతలు లాటరీ పద్ధతిలో పడతాయి. ఒక వారం మొత్తం లీగ్‌లో నాది రెండో పెద్ద స్కోరు, అయినా ఓడాను, మొదటి స్కోరు నా ఎదుటివాడిదే మరి. ఆ రాత్రి నిజంగా కోపం వచ్చింది. మొదలయ్యాక కొత్తవాళ్లని చేర్చుకోవడం కుదరదు, కాబట్టి సెప్టెంబర్‌లో ఉద్యోగంలో చేరినవాళ్లు ఏడాదంతా బయటే. 2025-26 నుంచి ట్రిపుల్ కెప్టెన్ లాంటి ప్రత్యేక అవకాశాలన్నీ (చిప్పులు) సీజన్‌కి రెండుసార్లు ఇస్తున్నారు, ట్రిపుల్ కెప్టెన్ ఎప్పుడు వాడాలన్న ఆ టెన్షన్ కొంత పల్చబడింది. 2025-26 మొదట్లో సలా ధర 14.5 అయ్యింది, పాత ఊపు మాత్రం కనిపించలేదు. మేడమ్ ఇప్పుడు డిఫెండర్ల మీద పడ్డారు, ఒక మ్యాచ్‌లో టాకిల్స్, క్లియరెన్స్‌ల లాంటి బంతిని అడ్డుకునే పనులు పదికి చేరితే 2 పాయింట్లు వస్తున్నాయని.

జట్టు మార్చుకోవడానికి డెడ్‌లైన్ ఆ వారం మొదటి మ్యాచ్‌కి గంటన్నర ముందు. శనివారం మ్యాచ్‌తో మొదలైతే మనకి మధ్యాహ్నం మూడున్నర, అక్టోబర్ చివర్లో ఇంగ్లండ్‌లో గడియారాలు మారాక నాలుగున్నర, ఇబ్బంది లేదు. శుక్రవారం మ్యాచ్ ఉంటే రాత్రి పదకొండు, చలికాలంలో పన్నెండు. నాకు శని, ఆదివారాలు సెలవు, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, ఆఫీసులో ఫుట్‌బాల్ మాట్లాడేవాళ్లు ఉన్నారు కాబట్టి నాకు సాగింది. అమెరికా షిఫ్టులో ఉన్న మా ఇద్దరు ఫ్రెండ్స్ మాత్రం సగంలో వదిలేశారు. ఎదురుగా ఒక మనిషి ఉన్నప్పుడు జట్టు మార్చకుండా వదిలేయడం వాళ్లకి మనసొప్పలేదు, మార్చే టైం దొరకలేదు. అలాంటివాళ్లకి క్లాసికే నయం.