తొమ్మిది అడుగుల షెడ్డులో 42 అంగుళాల టూల్ చెస్ట్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తాను: పనిముట్ల పెట్టె మంచిదే, దాని కింది చక్రాలే దండగ. అమ్మేవాళ్లు ఫొటోల్లో గొప్పగా చూపించేది మాత్రం ఆ చక్రాలనే. నునుపైన నేలా బోలెడు జాగా ఉన్న వర్క్‌షాపులో వాటి విలువ వాటికి ఉంటుంది. రాజోలు, మలికిపురం మధ్య ఒక ఊళ్లో, చెమ్మ ఆరని గచ్చు మీద, కారుతో పాటు సర్దుకోవాల్సిన చోట వాటితో ఒరిగేదేమీ లేదు.

నాది కొబ్బరి తోట. డీజిల్ ఇంజను, పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే మిషను, రెండు మోటారు సైకిళ్లు ఉన్నాయి. వీటి రిపేర్లు చాలావరకు నేనే చేసుకుంటాను. నాన్న చేయించిన మామిడి చెక్క పెట్టెకు అడుగు నుంచి చెద పట్టింది. దాని బదులు 2021 వేసవిలో ఏడు సొరుగుల ఈ ఇనప చెస్ట్ కొన్నాను. వెడల్పు 42 అంగుళాలు, లోతు 18, చక్రాలతో కలిపి ఎత్తు 39. ధర మంచి సెకండ్ హ్యాండ్ స్ప్లెండర్ బండి అంత. కంపెనీ పేరు చెప్పను. ఈ రకం పెట్టెలు రేకు మందంలోనూ రంగులోనూ తప్ప ఒకదానికొకటి పెద్దగా తేడా ఉండవు.

ట్రాన్స్‌పోర్టు వాళ్లు పాలకొల్లులో దింపారు. అక్కడి నుంచి ట్రాలీ ఆటోలో చించినాడ వంతెన దాటించి తెచ్చాం. ఇంటి ముందు ఆగగానే పక్కింటి బాబాయి వచ్చి, "ఏరా అబ్బాయ్, నగల బీరువానా?" అన్నాడు. ఆటో అబ్బాయి అట్ట పెట్టెను ఒకసారి ఊపి చూసి, "ఆయ్, ఇద్దరి వల్ల కాదండి" అని తేల్చేశాడు. నీళ్ల భయానికి మా షెడ్డు పునాది వీధి కంటే అడుగున్నర ఎత్తున కట్టారు, దానికి ర్యాంపు నిటారుగా ఉంటుంది. ఇలాంటి చోట ఎక్కించాలంటే ముందు సొరుగులన్నీ ఊడదీయండి. ప్రతి సొరుగు పట్టాకు లోపల నల్ల ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. ఒక పక్కది పైకి, రెండో పక్కది కిందికి ఒకేసారి నొక్కి లాగితే సొరుగు చేతిలోకి వచ్చేస్తుంది. బరువులో చాలా భాగం అక్కడే తగ్గుతుంది. మిగిలిన ఖాళీ పెట్టెను పలకల మీద పెట్టి, మోకు కట్టి లాగాం.

ఇక కొలతలు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇవే. చాలామంది పెట్టె కొలతలు చూసుకుంటారు, సొరుగు తెరిచాక కొలతలు చూసుకోరు. మా షెడ్డు లోపల 9 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. కారు వేగనార్, పొడవు 3,655 మిల్లీమీటర్లు, అంటే 12 అడుగులు. వెడల్పు 1,620, అంటే 5 అడుగుల 4 అంగుళాలు. వెనక షట్టరుకు నాలుగు అంగుళాలు వదిలితే కారు ముక్కుకీ వెనక గోడకీ మధ్య 2 అడుగుల 8 అంగుళాలు మిగులుతాయి. ఎవరైనా చెస్ట్‌ను ఆ గోడకే ఆనించి, కారుకు ఎదురుగా పెడతారు. అప్పుడు పెట్టె లోతు, గోడకు వదలాల్సిన రెండు అంగుళాలు పోగా మిగిలేది 12 అంగుళాలు. సొరుగు బయటికి వచ్చేది 16. కారు లోపల ఉన్నంతసేపూ సొరుగు పూర్తిగా తెరుచుకోదు, తెరిచినా మనిషి నిలబడే చోటు లేదు. డ్రైవరు పక్క గోడ పొడవునా పెడితే ఇంకా కష్టం, కారు తలుపు తెరిచి దిగలేం.

నేలమీద సుద్దముక్కతో కారునీ పెట్టెనీ, తెరిచిన సొరుగునీ గీసుకుని చూస్తే దారి దొరికింది. కారును ఎడమ గోడ వైపు జరిపి, చెస్ట్‌ను వెనక మూలలో, వీపు కుడి గోడ వైపు ఉండేలా అడ్డంగా తిప్పాను. ఇప్పుడు సొరుగులు కారు వైపు కాకుండా, కారు ముక్కు ముందున్న ఖాళీలోకి తెరుచుకుంటాయి. నిలబడడానికి ఏడు అడుగుల పొడుగు సందు ఉంది. పెట్టె ఒక చివర పది అంగుళాలు మాత్రం కారు పక్కకు పొడుచుకొస్తుంది. బంపరు మూల గుండ్రంగా ఉండబట్టి సొరుగు దానికి తగలకుండా వెళ్తుంది, కానీ అంతంత మాత్రమే. అందుకే ముందు చక్రాలు ఆగే చోట గచ్చుకు ఒక చెక్క బద్ద బిగించాను. బద్ద తగిలితే బండి ఆపేయడమే. మా ఆవిడ నడిపినా, మా అబ్బాయి నడిపినా కారు రోజూ అక్కడే ఆగుతుంది.

చక్రాల సంగతికి వద్దాం. కారు షెడ్డు గచ్చు ఎప్పుడూ సమంగా ఉండదు. కడిగిన నీళ్లు బయటికి పోవాలని తాపీ మేస్త్రి షట్టరు వైపు వాటం పెడతాడు. మాకు 15 అడుగులకు మూడు అంగుళాల దాకా ఉంది. పెట్టెను ఆ వాటానికి ఎదురుగా పెడితే తాళం తీయగానే పై సొరుగులు వాటంతటవే బయటికి జారతాయి. అడ్డంగా పెడితే జారవు గానీ పెట్టె ఒక పక్కకు ఒరిగి, ఆ పక్క పట్టాల మీదే భారం పడుతుంది, సొరుగు బిగుసుకుంటుంది. చక్రాల బ్రేకులు పెట్టెను కదలనివ్వవు గానీ ఒరగకుండా ఆపలేవు కదా.

మా నేలకు ఇంకో గుణం ఉంది. డెల్టా బంకమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైగా పందికొక్కులు గచ్చు కింద బొరియలు తవ్వుతాయి. పైకి చూస్తే గట్టిగానే ఉంటుంది, తడితే డొల్ల శబ్దం వస్తుంది. సామాన్లతో నిండిన పెట్టె బరువు రెండు వందల యాభై కిలోల పైమాటే. అది నాలుగు చక్రాల కింద బొటనవేలంత జాగాలో దిగుతుంది. మొదటి వానాకాలంలోనే ఒక చక్రం కింద గచ్చు పగిలింది. షెడ్డులోకి వచ్చిన వాన నీళ్లకు తిరిగే చక్రాల బేరింగులు తుప్పెక్కి పట్టేశాయి. అంటే జరపడానికని ఇచ్చిన చక్రాలు అప్పటికే జరగడం మానేశాయి.

చక్రాలు ఊడదీసి వెల్డింగ్ షాపులో ఇనప యాంగిల్ స్టాండు చేయించాను. తొమ్మిది అంగుళాల ఎత్తు, నాలుగు కాళ్లకూ ఆరంగుళాల పలకలు, ఎత్తు సరిచేసుకునే బోల్టులు. రసమట్టం పెట్టి బోల్టులు తిప్పితే పెట్టె సమంగా నిలిచింది. చక్రాల బోల్టు రంధ్రాలే స్టాండుకీ పనికొచ్చాయి, కాబట్టి పెట్టెకు కొత్తగా ఒక్క కన్నం కూడా వేయలేదు. గోడకు రెండు క్లాంపులు కూడా బిగించాం. బరువైన సొరుగులు రెండు మూడు ఒకేసారి తెరిస్తే ఇలాంటి పెట్టెలు ముందుకు తూలతాయి. ఒకటి తెరిస్తే మిగతావి తెరుచుకోని ఏర్పాటు కొన్నింటికి ఉంటుంది, నాదానికి లేదు. ఇంట్లో పిల్లలు ఉంటే ఈ క్లాంపులు తప్పనిసరి.

స్టాండు చేయించిన మరుసటి ఏడాదే 2022 జూలై వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు ఇస్తారు. ఆ ఏడు అది దాటి బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. మేం ఏటిగట్టుకు ఇవతల ఉన్నాం కాబట్టి గోదావరి నేరుగా మీదికి రాలేదు. లంకల వాళ్ల కష్టంతో పోలిస్తే మాది లెక్కలోకి రాదు. కానీ మురుగు కాలవలు ఎదురుతన్ని షెడ్డులోకి నీళ్లొచ్చాయి. స్టాండు పలకలు మునిగాయి, పెట్టె అడుగుకు తడి తగల్లేదు. 1986 నాటి వరదలాంటిది వస్తే, అప్పుడు 35 లక్షలు దాటింది, ఈ తొమ్మిది అంగుళాలు దేనికీ చాలవు. అది వేరే సంగతి.

పైనుంచి వచ్చే నీళ్ల కంటే గాలిలో ఉండే నీళ్లే పనిముట్లకు పెద్ద శత్రువు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. మా దగ్గర అంతకంటే తగ్గే రోజులు తక్కువ, అంతర్వేది వైపు నుంచి వచ్చే గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. అన్నిటికంటే చెడ్డ కాలం వానాకాలం అనుకుంటారు, కాదు. ధనుర్మాసం పొద్దుటిపూటలు. రాత్రంతా చల్లబడిన ఇనుము మీద ఉదయం మంచుగాలి తగిలితే స్పానర్లకు చెమట పట్టినట్టు నీళ్లు చేరతాయి. మూసిన సొరుగులో అవి ఆరవు. అందుకని ఆ నెలలో ఎండ బాగా ఎక్కేదాకా పెట్టె తెరవను.

కంపెనీ ఇచ్చిన మెత్తటి నల్ల ఫోమ్ చాపలు తీసేశాను. అవి తేమ పీల్చుకుని స్పానర్ల కిందే ఉంచుతాయి. వాటి బదులు అలమరల్లో పరిచే జాలీ రబ్బరు చాప వేశాను, కింద గాలి ఆడుతుంది. నాన్న, "కొబ్బరి నూనె రాయరా, ఇంట్లో ఉన్నదేగా" అన్నారు. కోనసీమలో ఆ మాట అననివాళ్లు ఉండరేమో. కానీ అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పాతబడితే జిగురై దుమ్మంతా పట్టిస్తుంది. కుట్టు మిషను నూనె పల్చగా తుడవడమే నాకు బాగా పనిచేసింది. అరుదుగా వాడే సాకెట్లకు వాజలైన్ రాస్తాను. సిలికా జెల్ సంచులు సొరుగుల్లో వేయడం మాత్రం డబ్బు పారబోయడమే. సొరుగుల చుట్టూ సందులున్నాయి, ఊళ్లో గాలినంతా ఆ గుళికలు ఎక్కడ ఆరబెడతాయి? వెర్నియర్ కాలిపర్ లాంటి సున్నితమైన వాటిని బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, అందులో ఒక సంచి వేస్తే ఉపయోగం ఉంది.

ఇంత చేశాక, పెట్టె రంగు ఎలా ఉందంటారా? ముందు, పక్కలు కొత్తవాటిలాగే ఉన్నాయి. పౌడర్ కోటింగ్ బాగానే వేశారు. గోడవైపు వీపు మీద, వెల్డింగ్ చుక్కల చుట్టూ తుప్పు కనిపిస్తోంది. గోడ చెమ్మ అక్కడికి తగులుతుంది, రెండు అంగుళాల ఎడం ఉంచబట్టే ఆ మాత్రమైనా నిలిచింది.

సొరుగుల గురించి అమ్మేవాళ్లు చెప్పేదాంట్లో సగం నిజం. ఒక్కో సొరుగు 45 కిలోలు మోస్తుందన్నారు. పట్టాలు నిజంగానే మోస్తాయి. బేరింగులు ఇప్పటికీ వేలితో లాగితే వస్తాయి. కానీ 42 అంగుళాల వెడల్పున పల్చటి రేకు అడుగుభాగం మధ్యలో కిందికి దిగుతుంది. సమ్మెట, పైపు రెంచీలు ఉన్న అడుగు సొరుగు బొజ్జ దిగి, మూసేటప్పుడు ఫ్రేముకు రాసుకునేది. ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క పరిచాక సరైంది. గ్రైండరు, డ్రిల్లు అడుగున, రింగు స్పానర్లు నడుము ఎత్తున, 10-11, 12-13, 14-15 స్పానర్లు అన్నిటికంటే పైన ఉంచుతాను. మా వాడకంలో ముప్పాతిక పని ఆ మూడింటితోనే.

పైన బెంచి వైస్ (ఇనప ముక్కను కదలకుండా పట్టే బిగింపు) బిగించుకోవచ్చని డబ్బా మీద బొమ్మ ఉంది. నల్లతుమ్మ పలక వేసి ప్రయత్నించాను. ఆకురాయి పట్టి నాలుగు లాగులు లాగేసరికి సొరుగులన్నీ గడగడలాడాయి. వైస్‌ను షెడ్డు బయట పాతిన గుంజకు మార్చాను. పలక అలాగే ఉంది, కార్బ్యురేటర్ విప్పి సర్దుకోవడానికి బల్లగా చాలా హాయి.

తాళం మామూలుదే. దొంగల్ని ఆపదు, పిల్లల్ని ఆపుతుంది. మట్టి గూడు కట్టే కందిరీగలు తాళం కన్నంలో మట్టి కూరేస్తాయి. ఒకసారి సూదితో తవ్వాల్సి వచ్చింది, అప్పటి నుంచి కన్నం మీద టేపు ముక్క అంటిస్తున్నాను. విడి భాగాల కోసం అమ్మినవాళ్లకు రాస్తే జవాబు లేదు. ఒక పట్టా వంగితే పాలకొల్లు హార్డ్‌వేర్ షాపులో వడ్రంగులు వాడే టెలిస్కోపిక్ ఛానెల్ తెచ్చి వేశాను. మందం తేడా ఉంది, వాషర్లు వేసి సర్దాను.

ఎవరైనా అడిగితే ఈ రకం పెట్టె కొనమనే చెబుతాను, 42 అంగుళాలది మాత్రం వద్దంటాను. ఇదే డబ్బుకు 27 అంగుళాలవి రెండు దొరికితే అవే తీసుకోండి. మా షెడ్డు లాంటి చోట ఒక్కోటి ఆ 2 అడుగుల 8 అంగుళాల సందులోనే పూర్తిగా ఇముడుతుంది, కారు పక్కకు పొడుచుకురాదు. వెడల్పు తక్కువ కాబట్టి సొరుగుల అడుగులు బొజ్జ దిగవు. పైగా ధవళేశ్వరం నుంచి రెండో హెచ్చరిక కబురు రాగానే సొరుగులు ఊడదీసి, ఖాళీ పెట్టెను ఇద్దరు మనుషులు మోసుకెళ్లి అరుగు మీద పెట్టేయొచ్చు. నా పెట్టెకైతే నలుగురు కావాలి, ఆ సమయానికి ఊళ్లో నలుగురూ ఎవరి సామాన్లు వాళ్లు సర్దుకుంటూ ఉంటారు.